నెట్ బాగయింది, బావా

మెట్‌పల్లి
ఫిబ్రవరి, ఆదివారం

బావకు,

మొన్న శుక్రవారం కూడా అంతే అయింది. నువ్వు తెర మీదకు వచ్చావు. నుదురు కనిపించింది, వెనకాల ఇనుప మంచం కనిపించింది. అంతలోనే బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. నేను ఇక్కడ చేతులు ఊపుతూనే ఉన్నాను. కాసేపటికి "నెట్ బాలేదు" అని నీ మెసేజ్. జనవరి నుంచి ఒక్క శుక్రవారం కూడా నీ మాట పూర్తిగా చూడలేదు.

చెవులున్న మొగుడూ పెళ్ళాలకైతే నెట్ మందగించినా గొంతయినా వస్తుంది. నాకు నీ చేతులు కనిపిస్తేనే మాట. నువ్వు చెయ్యి పైకెత్తిన చోట బొమ్మ ఆగిపోతే, నువ్వు "వస్తాను" అనబోతున్నావో "వద్దు" అనబోతున్నావో నాకెలా తెలుస్తుంది? నువ్వు ఒమన్ వెళ్ళిన ఈ రెండేళ్ళలో ఎన్నడూ ఇంత ఇబ్బంది పడలేదు.

తప్పు మనింటి నెట్‌దేనేమో అనుకున్నాను. రూటర్ మీద ఒక ఎర్ర దీపం అప్పుడప్పుడు మిణుకుమంటోంది. కేబుల్ ఆఫీసుకు మెసేజ్ పెడితే ఒకాయన వచ్చాడు. అత్తతో మాట్లాడబోతే, అత్త నన్ను చూపించింది. పాపం మంచివాడు, నాకు వినపడదని తెలియగానే కింద కూర్చొని, నేను రాసింది చదివి, తను రాసి చూపించాడు. కిటికీ దగ్గర తీగ మడత పడిందట. ఆ తీగలో నడిచేది కరెంటు కాదట, వెలుతురట! గట్టిగా మడిస్తే వెలుతురు దారి తప్పుతుందట. నాకు ఆ మాట ఎంత నచ్చిందో.

తీగ మార్చాడు. రూటర్ టీవీ వెనకాల, బీరువాకు ఆనుకొని ఉండేది కదా, ఇనుము పక్కన పెట్టకూడదన్నాడు. దాన్ని నడింటి గోడకు ఎత్తులో తగిలించాం. మేకు అత్తే కొట్టింది, నన్ను స్టూలు ఎక్కనివ్వలేదు. ఇప్పుడు వంటింట్లో కూడా బొమ్మ ఆగడం లేదు. మగ్గం వర్క్ చేయించుకునే వాళ్ళు జాకెట్ డిజైన్లు పంపితే వెంటనే తెరుచుకుంటున్నాయి.

కాబట్టి వచ్చే శుక్రవారం నా వైపు ఏ అడ్డూ లేదు.

ఇంకో మాట. కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపడం మన నిశ్చితార్థం నాటి నుంచి అలవాటు. ఈమధ్య నీ నుంచి అన్నీ టైపు చేసిన ఉత్తరాలే వస్తున్నాయి. నీ వంకర 'ళ' చూసి చాలా రోజులైంది. ఎందుకని?

సింధూజ


సోహార్
బుధవారం

సింధూకు,

నీ ఉత్తరం చదివిన. నేను మంచిగున్న. అవ్వకు గూడ చెప్పు. ఆమెను స్టూలు ఎందుకు ఎక్కనిచ్చినవ్? పడితె ఎట్ల?

నువ్వు అంత కష్టపడి నెట్ బాగు చేయించినవ్ గని, తప్పు నీ దిక్కు లేదు, మా దిక్కే ఉంది. మా రూమ్ సంగతి నీకు ఎర్కనే. గోడలన్ని రేకులు. ఆరుగురం ఉంటం. సిమ్ కార్డు ఏసే రూటర్ ఒకటి అందరం కలిసి కొన్నం, అది ఫ్రిజ్ మీద పడి ఉంటది. దాని పాస్‌వర్డ్ క్యాంప్ మొత్తానికి ఎర్క. డ్యూటీ దిగి కంపెనీ బస్సు అచ్చిందంటె అందరు ఒకటేసారి ఫోన్లు పట్టుకుంటరు. ఒకడు సినిమ దింపుతడు, ఒకడు పెండ్లాంతోని కొట్లాడుతడు. ఇగ నా బొమ్మ ఏడ కదులుతది?

రూమ్‌ల అందరు బాగుండారు. వంట ఈ వారం జిలాని చేస్తాండాడు, కారం జెర ఎక్కువ ఏస్తడు. గంగన్నకు మోకాళ్ళ నొప్పులు, అయినా మానకుంట డ్యూటీకి పోతుండు.

రాత సంగతంటవా, పని ఎక్కువుంది. పెన్ను పట్టుకునే ఓపిక ఉంటలేదు.

కొన్నాళ్ళు వీడియో కాల్ పక్కకు పెడుదాం సింధూ. నెట్ ఎంత తక్కువున్న ఉత్తరమైతె పోతది గద. నువ్వు మనసుల పెట్టుకోకు.

సురేందర్


మెట్‌పల్లి
మార్చి మొదటి వారం

బావకు,

నవ్వు ఆపుకోలేక రాస్తున్నాను. "అందరు బాగుండారు." "చేస్తాండాడు." మెట్‌పల్లిలో పుట్టి పెరిగినవాడు ఎవడైనా ఇలా రాస్తాడా? అత్తకు చూపిస్తే ఆమె కూడా కడుపు పట్టుకొని నవ్వింది. నాకు తెలుగు చెవితో రాలేదు, కంటితో వచ్చింది. అక్షరం తేడా వస్తే అన్నంలో రాయిలా తగులుతుంది. నిజం చెప్పు, ఆ ఉత్తరం టైపు చేసింది కడప జిలాని కదూ? నువ్వు చెప్తుంటే ఆయన కొట్టాడు. నువ్వు పక్కన పడుకొని కాళ్ళు ఊపుతూ చెప్పి ఉంటావు, అంత బద్ధకమా?

ఆయన చదువుతాడని తెలిస్తే ఇక్కడ కొన్ని మాటలు రాయలేను. అవి దాచి పెడుతున్నాను.

ఇక అసలు పని. వీడియో కాల్ పక్కకు పెట్టేది లేదు. నువ్వు మొదట్లో పంపిన వీడియోలన్నీ మళ్ళీ చూసి మీ రూమ్ బొమ్మ గీశాను. ఫొటో పెడుతున్నాను. ఎర్ర ఇంకుతో చుక్క పెట్టింది ఇప్పుడు మీ రూటర్ ఉన్న చోటు. దానికన్నా చెడ్డ చోటు ఆ రూమ్‌లో ఇంకోటి లేదు బావా. ఒక పక్క ఫ్రిజ్, ఒక పక్క మైక్రోవేవ్, చుట్టూ రేకు గోడ.

కేబుల్ ఆయన్ని మళ్ళీ అడిగాను, నేనూ చదివాను. సిమ్‌తో నడిచే రూటర్‌కు రెండు పనులుంటాయి. బయట టవర్ నుంచి సిగ్నల్ అందుకోవాలి, లోపల మీ ఫోన్లకు పంచాలి. రేకు గోడల మధ్య మూలన కూర్చుంటే దానికి టవరే అందదు, ఇక మీకేం పంచుతుంది? కిటికీ దగ్గర ఎత్తులో పెట్టండి. ఏ కిటికీ దగ్గర పెడితే రూటర్ మీద సిగ్నల్ దీపాలు ఎక్కువ వెలుగుతాయో అదే దాని చోటు. ఆ తర్వాత ఫోన్‌లో వైఫై పేర్లు రెండు కనిపిస్తాయి చూడు, చివర 5 అని ఉన్నది దగ్గరి మంచాలకు, 5 లేనిది దూరపు మంచాలకు. పాస్‌వర్డ్ మార్చి మీ ఆరుగురే ఉంచుకోండి. సినిమాలు దింపే ఆయన్ని మాత్రం ఫోన్ మాట్లాడుకునే వేళ కాస్త ఆగమను. మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఎదురు చూస్తుంటారని నేను చెప్పానని చెప్పు.

ఇన్ని చేసినా ఆగితే అప్పుడు అడుగు. చేయకముందే వద్దనకు.

సింధూజ


సోహార్
రంజాన్ నెల, గురువారం

సింధూకు,

నిజమే, అది టైపు కొట్టింది జిలానే. ఆయనకు వేళ్ళు తొందరగ ఆడుతయ్. ఇది నేనే కొడుతున్న, అందుకే చిన్నగ రాస్తున్న.

నీ బొమ్మ రూమ్‌ల పెద్ద లొల్లి చేసింది. నేను చూసి పక్కకు పెట్టిన. జిలాని నా ఫోన్ల చూసి, "ఇంత బాగ గీసిచ్చినాక చేయకుంటే ఎట్ల?" అని లేచిండు. ఉపాసమున్న మనిషి, ఇఫ్తార్‌కు ముందు రూటర్‌ను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని రూమ్ అంత తిరిగిండు. తలుపు దగ్గరి కిటికీల పెట్టంగనే దీపాలు అన్ని ఎలిగినయ్. గంగన్న తన సామాన్ల నుంచి తాడు తీసి కట్టిండు. పాస్‌వర్డ్ మార్చినంక పక్కరూమోళ్ళు కొట్లాటకు అచ్చిండ్రు. ఆళ్ళకు గూడ నీ బొమ్మ చూపెట్టి పంపిచ్చినం. ఇప్పుడు ఆళ్ళ రూటర్ గూడ కిటికీలకు అచ్చింది.

జిలాని ప్రొద్దుటూర్ల పెండ్లాం షబానాతోని మాట్లాడితె ఆమె మొఖం ఎంత సాఫ్ కనబడ్డదంటె, "నువ్వు చిక్కిపోయినావేమి" అని ఆయన, "నీ మీసం తెల్లబడింది" అని ఆమె, ఇద్దరు కొట్లాడుకున్నరు. రూమోళ్ళందరు నీకు సలాం చెప్పమన్నరు.

నా సంగతేందంటె, నా ఫోన్ కెమెరా ఖరాబైంది. బాగు చేపిచ్చినంక మాట్లాడుదాం. తొందర పడకు.

సురేందర్


సోహార్
పండుగ తెల్లారి

సింధూకు,

ఈద్ నాడు క్యాంప్‌ల అందరికి జిలాని సేమియా పాయసం చేసిండు. నువ్వు చూస్తవని వీడియో తీసి పెడుతున్న. సముద్రం కాడికి గూడ పోయినం, అది గూడ ఉంది. నువ్వు ఉంటె మంచిగుండేది.

సురేందర్


మెట్‌పల్లి
ఏప్రిల్

బావకు,

నీ వీడియో చూశాను. చాలాసార్లు చూశాను.

పాయసంలో జీడిపప్పులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. జిలాని నవ్వుతూ గరిటె ఎత్తాడు, గంగన్న కొత్త చొక్కా వేసుకున్నాడు, సముద్రం మీద పడవలు కూడా తెలుస్తున్నాయి. అంత పెద్ద వీడియో నాకు ఒక్క క్షణంలో వచ్చింది. నువ్వే తీశావు, నీ ఫోన్‌తోనే తీశావు. అందరూ ఉన్నారు. నువ్వొక్కడివే లేవు.

నెట్ బాగయింది, బావా. నీ కెమెరా కూడా బాగానే ఉంది. నాకు తెలుసు.

ఇన్ని రోజులు నేను తీగలు, దీపాలు, కిటికీలు అంటూ తిరిగాను. ఒక్కొక్కటి బాగు చేస్తుంటే నువ్వు ఇంకొకటి చెప్తూ వచ్చావు. ఎక్కడో లోపల నాకు అర్థమవుతూనే ఉంది. ఒప్పుకోవడానికి భయం వేసి ఇంకో తీగ వెతుక్కున్నాను.

నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు మా అన్న నాతో బజారుకు వస్తే ఎప్పుడూ కాస్త ముందు నడిచేవాడు. నేను చేతులతో ఏదైనా అడిగితే చుట్టూ చూసి, నా చేతులు కిందికి నొక్కేవాడు. వాడికి నేనంటే ప్రేమే. కానీ నలుగురిలో సిగ్గు. నువ్వు అలా కాదు. బస్టాండులో, పెళ్ళి పందిట్లో, కోరుట్ల సంతలో, ఎవరు చూస్తున్నా నాతో చేతులు ఆడించేవాడివి. నిన్ను చేసుకుంటానని అత్తకు నేనే ముందు చెప్పింది అందుకే.

ఇప్పుడు ఆరుగురి మధ్య ఉంటున్నావు. వాళ్ళు పెళ్ళాలతో నోటితో మాట్లాడుతుంటే నువ్వొక్కడివే చేతులు ఊపాలి. ఎవరైనా నవ్వారా? నీకు సిగ్గుగా ఉందా? ఉంటే చెప్పు. రూమ్ బయటికి వచ్చి మాట్లాడు, లేదా రాసుకుందాం. నాకు బాధగా ఉంటుంది కానీ తట్టుకుంటాను. నెట్ బాలేదని మాత్రం చెప్పకు.

ఈ ఉత్తరం అత్తకు చూపించలేదు.

సింధూజ


సోహార్
ఏప్రిల్, శుక్రవారం

సింధూ,

సిగ్గు కాదు. ఆ మాట నువ్వు అనుకున్నవంటె నా పానం ఆగుతలేదు. నవ్వెటోడు ఒక్కడు లేడు ఈడ. ఈ ఉత్తరం జిలానితోని కొట్టిస్తలేను. ఎడమ చెయ్యి బొటనవేలితోని ఒక్కొక్క అక్షరం ఏరుకొని రాస్తున్న. పొద్దుగాల కూసున్న, ఇప్పుడు పొద్దు వంగింది.

జనవరిల సైట్ మీద ఇనుప ప్లేటు దింపుతున్నం. క్రేన్ మీదికెళ్ళి అస్తుంటె కింద నేను చేత్తోని సక్కగ చేస్తున్న. గాలి అచ్చింది. సముద్రం పక్కకే ఉంటది గద, ఒక్కసారి కొడుతది. ప్లేటు తిరిగింది. నా కుడి చెయ్యి ప్లేటుకు, కింది ఇనుముకు నడుమల పడ్డది. అంతే గుర్తుంది. ఆస్పత్రిల కండ్లు తెరిచేటాలకు చేతికి తెల్లటి మూట కట్టి ఉంది, పక్కకు జిలాని కూసున్నడు. ఏడుస్తుండు. ఆయన ఏడుపు చూసి నాకు సమజైంది.

చూపుడు వేలు, నడిమి వేలు లేవు సింధూ. మొదటికే తీసేసిండ్రు. మిగిలినయ్ మంచిగున్నయ్. ఆస్పత్రోళ్ళు మంచిగ చూసిండ్రు, కంపెనీ గూడ చూసింది. నాకు ఇప్పుడు నొప్పి లేదు. ఇది అబద్ధం కాదు.

కట్టు ఇప్పినంక బాత్‌రూమ్‌ల అద్దం ముందట నిలబడి నీ పేరు చెప్పి చూసుకున్న. నీ ముక్కుపుల్ల ఉండే దిక్కు నా ముక్కుకు రెండు వేళ్ళు తాకిచ్చి పిలుస్తుంటి గద చిన్నప్పటి సంది. నోటితోని నేను నిన్ను ఎన్నడన్న పేరు పెట్టి పిలిచిన్నా? నీకు ఇనబడని పేరు నాకెందుకు? నా పేరు మీద నీకు సైగ ఉంది, నీ పేరు మీద నాకు సైగ ఉంది, గంతే మన మాట. అద్దంల చూస్తె ఆ రెండు వేళ్ళే లేవు. ఉత్త చెయ్యి ముక్కు కాడికి పోయి ఆగింది. లక్షల మాటలుండంగ పోయి పోయి ఆ మాటే పోయిందా అనిపిచ్చింది.

ఇగ నీకు ఎట్ల చూపెట్టాలె? నీతోని మాట్లాడుడంటె నాకు ఎప్పుడు తడుముకునేది లేకుండె. ఇప్పుడు నత్తి అచ్చినోని లెక్క నీ ముందట నిలబడాలె. నువ్వు నా చేతినే చూస్తవు. ఇంకేం చూస్తవు? అందరు మొఖం చూస్తరు, నువ్వు చెయ్యి చూస్తవు.

ఆ శుక్రవారాలు బొమ్మ ఆగింది నెట్‌తోని కాదు. నేనే కెమెరను నుదురు మీదికి తిప్పి, వైఫై బంద్ చేసిన. నువ్వు దిక్కుతెల్వక చేతులు ఊపుతుంటె బొమ్మ ఆగకముందు నాకు ఒక ఘడియ కనబడుతుండె. అప్పుడే బంద్ చేస్తుంటి.

తప్పయింది. అవ్వకు చెప్పకు.

సురేందర్


మెట్‌పల్లి
ఆదివారం

బావకు,

ఉత్తరం సగం చదివాక నేను నీకు ఫోన్ చేశాను, అది నీకు తెలుసు. మిగతా సగం తర్వాతే చదివాను. మన మాట అయిపోయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఏడుస్తుంటే చేతులు సరిగా ఆడవు. అప్పుడు చెప్పలేనివి చాలా ఉన్నాయి.

ముందు కోపం. చాలా కోపంగా ఉంది. నువ్వు ఆస్పత్రిలో పడుకున్న రోజుల్లో నేను ఇక్కడ పెళ్ళికూతురి జాకెట్ మీద నెమళ్ళు కుట్టుకుంటూ ఉన్నాను. పక్కన ఉండలేకపోయినా, తెలిసి ఏడ్చే హక్కు నాది. అది తీసేసుకున్నావు. ఇంకోసారి ఇలా చేస్తే నేనే విమానం ఎక్కి వస్తాను. రూటర్ గురించి ఆరుగురికి నేర్పినదాన్ని, దారి కనుక్కోలేనా?

కోపం అయిపోయింది.

ఫోన్ ఎత్తినప్పుడు నువ్వు చేతికి తువ్వాలు చుట్టుకొని కూర్చున్నావు. చూపించు అంటే తల అడ్డంగా ఊపావు. నేను ఫోన్ గోడకు ఆనించి, రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకొని కూర్చున్నాను. నువ్వు మాట్లాడేదాకా నేనూ మాట్లాడనని. అప్పుడు తువ్వాలు తీశావు. బావా, చూశాను. దగ్గరగా పెట్టమంటే పెట్టావు, వెనక్కి తిప్పమంటే తిప్పావు. కుట్లు మానిన చోట చర్మం గులాబీ రంగులో, కొత్తగా ఉంది. నేను భయపడలేదు. ఇక్కడ ఉంటే చేత్తో తాకి చూసేదాన్ని, అంతే.

తర్వాత నువ్వు ఎడమ చేత్తో నా పేరు చెప్పావు. అద్దంలో బొమ్మలా తిరగబడి, నా ముక్కుపుల్ల లేని వైపు తాకావు. నాకు నవ్వొచ్చింది, నువ్వు భయపడ్డావు. నవ్వింది ఎందుకంటే, పరవాలేదు, ఆ వైపు కూడా కుట్టించుకుంటాను. మా నానమ్మకు రెండు వైపులా ఉండేవి కదా. ఎర్ర రాయిదా, తెల్ల రాయిదా, నువ్వే చెప్పు.

నత్తి అన్నావు. కాదు. మా బడి హాస్టల్లో ముత్తవ్వ అని వంటమనిషి ఉండేది, ఆమె కూడా చెవిటిదే. పత్తి మిల్లులో ఒక చెయ్యి మణికట్టు దాకా పోయింది. మణికట్టుతో, గడ్డంతో, భుజంతో మాట్లాడేది. హాస్టల్లో ఎవరి మీద ఎవరు ఏం అన్నారో అందరికన్నా ముందు ఆమె దగ్గరే తెలిసేది. ఆమె తిట్టు వంటింటి నుంచి గేటు దాకా అర్థమయ్యేది. కొత్తగా చేరిన వారం రోజులు వింతగా ఉండేది, తర్వాత అది ముత్తవ్వ మాట తీరు అనిపించేది, అంతే. నీ చేతికి కొత్త యాస వచ్చింది బావా. జిలాని మాటలు నవ్వుకుంటూ చదువుకున్నదాన్ని, నీ యాస నేర్చుకోలేనా?

నిన్న నువ్వు "నీళ్ళు" అన్నది నాకు "నిద్ర" అని కనిపించింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ చెప్పావు. అలాగే వెళ్దాం. రోజూ డ్యూటీ దిగాక కాసేపు. రేకు రూమ్ కిటికీలో ఆ రూటర్ ఉంది చూడు, దాని కష్టం ఊరికే పోకూడదు.

సింధూజ


సోహార్
మే

సింధూకు,

ఎర్ర రాయిది.

దినాం మాట్లాడుకుంటున్నం గని, ఒక మాట చేతుల చెప్పరాక రాస్తున్న. డ్యూటీ గురించి నీకు చెప్పిన, స్టోర్‌ల ఏసిండ్రు. పనిముట్లు ఇచ్చుడు, తీసుకునుడు. ఎండల పోయేది లేదు. మొన్న చెయ్యి చూపెట్టనీకి బౌషర్ ఆస్పత్రికి పోయినం, జిలాని ఎంబడి అచ్చిండు. డాక్టరమ్మ మెత్తటి బంతి ఇచ్చి పిసుకుమన్నది. దారి పొడుగున బస్సుల పిసుక్కుంట అచ్చిన. జిలాని గూడ సైగలు నేర్చుకుంటుండు. "కారం" అనబోయి "కోపం" అంటుండు.

సంగతేందంటె, అవ్వ. వారం వారం ఫోన్ల "మంచిగున్నవా కొడుకా" అని అడుగుతది. "మంచిగున్న" అంట. చెప్పాలనే ఫోన్ పడుత, ఆమె గొంతు ఇనంగనే వేరే ముచ్చట చెప్పి పెట్టేస్త. బాపు పోయినంక ఆమె ఒక్కతె కూలి పని చేసి నన్ను పెంచింది. నా చేతులు చూసి మురిసేది. నీ మేనమామ చేతులొచ్చినయ్ అని. ఆమెకు ఏ నోటితోని చెప్పాలె?

సెలవుల అచ్చినప్పుడు చూస్తది గద, అప్పటిదాక ఉండనీయరాదు?

సురేందర్


మెట్‌పల్లి
మే

బావకు,

ఉండనివ్వను. ఇంట్లో ఆమె ఎదురుగా కూర్చొని రోజూ దాస్తున్నది నేను. ఆమె నా మొహం చూసి "ఒంట్లో బాగలేదా" అని అడుగుతోంది. దాచడం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది, నీకు అది నాలుగు నెలలు ఎలా గడిచిందో కూడా.

నోటితో చెప్పలేకపోతే వద్దు. చిన్నప్పటి నుంచి నేను చేత్తో అన్నది నువ్వు నోటితో ఊరందరికీ చెప్పావు. దుకాణంలో, బడిలో, పోచమ్మ బోనాల దగ్గర, నన్ను ఎవరు ఏమడిగినా నీ వైపే చూసేవాళ్ళు. ఈసారి నువ్వు నాకు చేత్తో చెప్పు. నేను అత్తకు చెప్తాను. ఆమెకు నా చేతులు అర్థమవుతాయి.

శుక్రవారం మధ్యాహ్నం. ఫోన్ పెద్దగా కనిపించేలా టీవీకి కలుపుతాను. అత్తను పక్కన కూర్చోబెట్టుకుంటాను.

సింధూజ


సోహార్
శుక్రవారం, సాయంత్రం

సింధూకు,

ఇయ్యాల నువ్వు ఉన్నప్పుడు అయింది నీకు ఎర్కనే. నేను ఎడమ చేత్తోని చెప్తుంటె, నువ్వు అవ్వ దిక్కు తిరిగి చెప్పినవ్. మధ్యల నేను ఆగిపోతె నువ్వు ఆగినవ్. నేను "క్రేన్" అన్నది తప్పు చేసిన, నువ్వు సక్క చేసి ఆమెకు చెప్పినవ్. నాకు ఈడికెళ్ళి నీ ఈపు, అవ్వ మొఖం కనబడుతున్నయ్. నువ్వు రెండు వేళ్ళు మడిచి చూపెట్టినప్పుడు ఆమె నీ చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నువ్వు ఇడిపిచ్చుకొని మిగతది గూడ చెప్పినవ్. నేనైతె చెప్పలేకపోతుంటి.

అవ్వకు చెమటలు పట్టినయని నువ్వు నీళ్ళకు లోపటికి పోయినవ్ గద. అప్పుడైంది నీకు ఎర్కలేదు, అందుకే రాస్తున్న.

నువ్వు పోంగనే అవ్వ టీవీకి దగ్గరకు జరిగింది. నేను ఆమె తిడుతదనుకున్న, లేకుంటె ఏడుస్తదనుకున్న. ఫోన్ల గొంతు అస్తది గద, నేను చెవి పెట్టి కూసున్న. ఆమె చెయ్యి లేపి, ఐదు వేళ్ళు దగ్గరకు చేసి నోటి కాడ పెట్టుకున్నది. "తిన్నవా?" అని.

నోరున్న మనిషి, నాకు చెవులున్నయ్. అయినా చేత్తోనే అడిగింది. నీ దగ్గర నేర్చుకున్నది నా మీద వాడింది. బొమ్మ ఒక్క ఘడియ గూడ ఆగలే సింధూ. అవ్వ వేళ్ళ మీద సున్నం మరకలు గూడ కనబడ్డయ్.

"తిన్న" అని చేత్తోని చెప్పిన.

నీ దగ్గర దాచొద్దు గద, నిజం చెప్తున్న. అప్పటికి తినలే. పొద్దటి సంది నాకు ముద్ద దిగలే. ఫోన్ పెట్టేటాలకు జిలాని నమాజ్ నుంచి అచ్చి పళ్ళెం పట్టుకొని తలుపుల నిలబడి ఉన్నడు, అడుగుతలేడు, లోపటికి అస్తలేడు. పళ్ళెం తీసుకున్న. జనవరి సంది చెంచాతోనే తింటున్న, ఎవ్వలు చూడకుంట గోడ దిక్కు తిరిగి. ఇయ్యాల చెంచ పక్కకు పెట్టిన. పప్పు కలుపుకున్న. మొదటి ముద్ద సగం పళ్ళెంల పడ్డది. రెండోది గూడ. గంగన్న చూడనట్టు చూస్తుండు.

మూడోది నోట్లెకు పోయింది. కుడి చేత్తోనే, ఉన్న వేళ్ళతోని.

సురేందర్